గేటు నుంచి లెక్క

ముసునూరు దగ్గరి ఆ మామిడి తోటకు నాలుగు వాటాలు, ఒకే పుస్తకం. ఏ వరసలో ఏ చెట్టుంది, దేనికి తెగులు పట్టింది, దేన్ని కొట్టించాలి, అంతా అందులోనే. పన్నెండేళ్ళపాటు అది వెంకటకృష్ణారావు పెట్టెలో ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. చూడాలనుకున్నవాళ్ళు ఆయన అరుగు మీద కూర్చుని చూసి ఇచ్చెయ్యాలి. పెన్సిలు మాత్రం ముట్టుకోకూడదు.

అరవై రెండులో తమ్ముడు బసవపున్నారావు అడిగేశాడు, నలుగురి తోటకు ఒక్కడి రాతేమిటని. మిగతా వాటాదారులూ వంత పాడారు. వెంకటకృష్ణారావుకు రోషం వచ్చింది. భార్య బుజ్జమ్మ మాత్రం నెమ్మదిగా చెప్పింది.

"చూడ్డానికి అందరికీ ఇవ్వండి. రాయడం మీ చేతిలో ఉంచుకోండి."

ఆయన వినలేదు. పెత్తనం చేస్తున్నాడన్న మాట పడి పడి విసుగెత్తింది. పుస్తకాన్ని బావి దగ్గరి పాకలో మేకుకు తగిలించి, పెన్సిలు పురికొసతో కట్టి వచ్చేశాడు. పీడా పోయిందనుకున్నాడు, పిచ్చిమారాజు.

తోటలో వాళ్ళ నాన్న పిక్క నాటి పెంచిన రసం చెట్టొకటి ఉంది. అలాంటి కాయ ఇంకెక్కడా లేదు. ముసలాయన బతికుండగా దాన్నుంచి అంటు కట్టనివ్వలేదు. ఆ వానాకాలమే నలుగురికీ తలా పది అంట్లు కడదామని అన్నదమ్ములు అనుకున్నారు. కుండీల్లో మొక్కలు సిద్ధం. చెట్టు మీదున్న పచ్చి కొమ్మకే మొక్కను చేర్చి కట్టాలి, కొట్టిన కొమ్మ పనికిరాదు.

ఎండిపోయిన బంగినపల్లి ఒకదాన్ని తీయించాలని వెంకటకృష్ణారావు పుస్తకంలో రాశాడు: ఏడో వరస, నాలుగో చెట్టు, వేళ్ళతో సహా. అంతే రాసి, పెళ్ళికని చింతలపూడి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి నాన్న చెట్టు నేల మీద ఉంది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. చాట్రాయి నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ పెద్దిరాజు గొడ్డలి పక్కన పెట్టి లేచాడు.

"పుస్తకంలో ఉన్నట్టే లెక్కపెట్టానండి బాబూ. బావి నుంచి ఏడో వరస."

ఆయన పాకలోకి పరుగెత్తి మొదటి పేజీ తిప్పాడు. వరసల లెక్క 'గేటు నుంచి' అని ఉన్నది కొట్టేసి, 'బావి నుంచి' అని తమ్ముడు ఎప్పుడో రాశాడు. కూలీలంతా బావి వైపు నుంచే వస్తారు కదా అని. అక్కడితో వదల్లేదు, లోపలి నంబర్లన్నీ ఓపిగ్గా సరిచేశాడు. ఒక్క తప్పు లేదు. పన్నెండేళ్ళుగా కంఠతా వచ్చిన లెక్క కాబట్టి వెంకటకృష్ణారావే ఆ పేజీ తెరిచి చూడలేదు, పాత గేటు లెక్కతోనే రాసేశాడు. నాన్న చెట్టును కొట్టమన్న రాత ఆయనదే. తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

బసవపున్నారావు వచ్చి, పడిన చెట్టును చూశాడు. తర్వాత పాకలోకెళ్ళి పుస్తకాన్ని మేకు నుంచి తీశాడు. పెన్సిలు పురికొస తెంపి, రెండూ అన్న చేతిలో పెట్టాడు.

"ఇక నువ్వే ఉంచుకో అన్నయ్యా. మేమెవరమూ ముట్టుకోం."

వెంకటకృష్ణారావు పుస్తకం తీసుకున్నాడు. కుండీల్లో నలభై మొక్కలకూ ఆ సాయంత్రం ఎవరూ నీళ్ళు పోయలేదు.