త్రిమూర్తులు దిద్దిన కబురు

స్క్రీన్ మీద మళ్లీ ఎర్ర గీత వచ్చింది. "మీరు మాట మార్చేశారు గదండీ, ఫెయిల్ కాక ఏమవుద్ది?" అని వీరదుర్గ విసుక్కుంది. త్రిమూర్తులు కళ్లజోడు సవరించుకున్నాడు.

రాజమండ్రిలో మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. ఆసుపత్రుల నుంచి రోగుల ఇళ్లకు వెళ్లే తెలుగు మెసేజ్‌లు అక్కడే తయారవుతాయి. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది, అది మూతపడ్డాక ఇక్కడ తేలిన మనిషి త్రిమూర్తులు. మాట ఆయన రాస్తాడు. అదే మాట పొల్లుపోకుండా వెళ్తోందో లేదో కంప్యూటర్ చేత పరీక్ష చేయించేది వీరదుర్గ.

ఆ రోజు పేచీ మరణవార్త దగ్గర. 'మరణించారు' అని ఆమె పెట్టింది. ఆయన కొట్టేసి, 'ఒంట్లో బాగోలేదు, కంగారు పడకుండా బయలుదేరి రండి' అని రాశాడు. జబ్బు ముదిరితే వెళ్లే మెసేజ్ వేరే ఉంది, అందులో ఐసీయూ అని ఉంటుంది. ఇది చావుకు మాత్రమే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆమె ఎంతో వాదించింది. మొండిఘటం, వింటేనా!

"చావు కబురు ఎవరన్నా ఫోన్లో చెప్తారా అమ్మా? మా ఆవిడ పోయినప్పుడు ఎవడో చెప్పేశాడు. కడియంలో బస్సు దిగిపోయి, ఎటెళ్లాలో తెలీక రోడ్డు పక్కన కూలబడిపోయాను. దారి పొడుగునా ఆశ ఉండాలమ్మా."

ఆమె పరీక్షలో మాట మార్చింది. పచ్చ గీత వచ్చింది. కొత్త మెసేజ్ ఆసుపత్రికి వెళ్లిపోయింది.

భోజనాల వేళ ఆయన ఛాతీ రుద్దుకుంటూ, గ్యాసు పట్టేసిందని, బిళ్ల రాయించుకొస్తానని ఆ ఆసుపత్రికే నడిచి వెళ్లాడు. ఇంట్లో ఎవరూ లేని మనిషి, అక్కడ ఇచ్చింది ఆఫీసు నంబరే.

కాసేపటికి ఆఫీసు ఫోనుకు మెసేజ్ వచ్చింది. లెక్కలు చూసే కిరణ్ కుమార్‌కు ఈ మెసేజ్‌ల గొడవ తెలియదు. పైకి చదివాడు. "త్రిమూర్తులు గారికి ఒంట్లో బాగోలేదు, కంగారు పడకుండా బయలుదేరి రండి."

వీరదుర్గ పరీక్షేమోనని స్క్రీన్ చూసింది. ఏదీ నడవడం లేదు. ఫోను లాక్కుని ఐసీయూ అన్న మాట కోసం వెతికింది. లేదు. ఇప్పుడే కదా, తన కాళ్ల మీద తను నడిచి వెళ్లాడు!

"గ్యాసే అయ్యుంటుందిలెండి, ఓ సెలైన్ పెడతారు" అంటూ కిరణ్ బండి తాళాలు తీశాడు. ఆమె చెప్పేద్దామని నోరు తెరిచింది.

"కంగారేం లేదండి, పదండి" అంది.

త్రిమూర్తులు బల్ల మీద సగం కొరికిన జామకాయ ఉంది, దాని మీద ఉప్పూకారం ఇంకా తడారలేదు.