పెట్టె ఇచ్చే జవాబు

నాకు ముక్కు మీద కోపం. ఎర్రుపాలెం నుంచి వచ్చి పాల్వంచ బస్టాండు పక్కన మైక్‌సెట్ల షాపు పెట్టిన ఈ ఇరవై ఏళ్లలో ఆ కోపం వల్ల చెడిన బేరాలు చాలానే ఉన్నాయి. పోతే పోయాయి, వాటికి నేనెప్పుడూ ఏడవలేదు. తొంభై మూడులో ఒక ఆదివారం చేసిన పనికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కిషన్‌లాల్ మా ఊరి పక్క తండా మనిషి. థర్మల్ స్టేషన్లో బొగ్గు బెల్టు దగ్గర కాంట్రాక్టు పని. షిఫ్టు లేని రోజుల్లో వెంకటరామారావు గారి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. రామారావు గారిది సత్తుపల్లి వైపు, మాగాణి ఉన్న కుటుంబం. పాటల పిచ్చి కొద్దీ ఆర్కెస్ట్రా పెట్టాడు. మైక్‌సెట్టు నాది, గిటార్ యాంప్లిఫయరూ నాదే. నేలకొండపల్లిలో మూతపడిన టూరింగ్ టాకీసు నుంచి తెచ్చిన పాత వాల్వుల సెట్టును విప్పి, గిటార్‌కు పనికొచ్చేలా నా చేతులతో మళ్లీ కట్టుకున్నాను. వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. వేడెక్కిందా, ఇక దాని గొంతు దానిదే. మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే కాస్త బొంగురుగా, మనిషి పాడినట్టే పలుకుతుంది.

ఆ ఏడు కిషన్‌లాల్ హైదరాబాద్ వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఒక డిజిటల్ ఎఫెక్ట్స్ పెట్టె తెచ్చాడు. ఇటుకంత పెట్టె, పైన ఎర్ర అంకెలు. మీటిన స్వరాన్ని లోపల దాచుకుని కాసేపాగి తిరిగి పలకడం దాని పని. చూడగానే నాకు ఒళ్లు మండింది. నిక్షేపం లాంటి గొంతు పెట్టుకుని ఈ రేకుడబ్బా ఎందుకురా అని తిట్టాను. అతను నవ్వి ఊరుకున్నాడు. తిడితే నవ్వే మనుషులతో నాకు పెద్ద చిక్కు.

చివరికి నేనే దారి కనిపెట్టాను. గిటార్ వైరును రెండుగా చీల్చి, ఒకటి నేరుగా యాంప్లిఫయర్‌కు ఇచ్చాను. రెండోదాన్ని పెట్టెలోంచి తిప్పి అదే యాంప్లిఫయర్‌కు కలిపాను. ఆ రెండో దారిలో ఒక నాబ్ పెట్టాను. తిప్పిన కొద్దీ పెట్టె గొంతు కలుస్తుంది, పూర్తిగా తగ్గిస్తే నా వాల్వుల గొంతొక్కటే మిగులుతుంది. ఎంత కలపాలన్న దగ్గర నెల రోజులు కొట్లాడుకున్నాం. సగం కావాలని అతను, పప్పులో ఇంగువంత చాలని నేను.

ఇంతలో కీబోర్డులు వచ్చిపడ్డాయి. ఒక్క మనిషి కూర్చుని గిటార్, ఫ్లూటు, వాన చప్పుడు అన్నీ వినిపిస్తుంటే గిటార్ మనిషెందుకన్న ఆలోచన రామారావు గారికి వచ్చింది. ఖమ్మం నుంచి హాతీరాం అనే కీబోర్డు కుర్రాడిని పిలిపించాడు. ఆదివారం మధ్యాహ్నం కాలనీ క్లబ్బులో ఇద్దరినీ వింటానని, ఒక్కడినే ఉంచుకుంటానని చెప్పాడు. కిషన్‌లాల్‌కు అది ఆరేళ్ల చోటు. అది పోతే ఇక బొగ్గు తప్ప ఏమీ లేదని నాతో అన్నాడు. ఒక సినిమా పాట వాయించి, తర్వాత తను సొంతంగా కట్టిన పాట ఒకటి వాయిస్తానన్నాడు. ఆ పాట నేను అంతకుముందు వినలేదు. తను ఉండే క్వార్టర్లలో నైట్ షిఫ్టు వాళ్లు పగలు నిద్రపోతారు కాబట్టి పెట్టెకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని సాధన చేసేవాడు.

"నాబ్ సగంల ఉంచు అన్నా. గంతే," అన్నాడు ఆ రోజు ప్లగ్గులు పెడుతూ. సరేనన్నాను.

హాతీరాం ముందు వాయించాడు. పాపం బాగానే వాయించాడు, కాదనను. తర్వాత కిషన్‌లాల్ సినిమా పాట ఎత్తుకున్నాడు. నాబ్ సగంలోనే ఉంచాను. హాలంతా తలలూపింది. పాట అయ్యాక రామారావు గారు హాతీరాం వైపు తిరిగి, అతనిదీ నీలాగే మిషనేనయ్యా, కాకపోతే నీది పెద్దదీ, అతనిది చిన్నదీ అని నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నా వాల్వుల గొంతును మిషన్ అంటాడా? వినండి మరి అనుకుని, కిషన్‌లాల్ రెండో పాట మొదలుపెట్టేలోపు నాబ్ పూర్తిగా తగ్గించేశాను.

అతను ఒక వరస మీటి ఆగాడు. గొంతు ఎంత శుభ్రంగా ఉందని లోపల మురిసిపోయాను. కానీ అతను ఆగే ఉన్నాడు. నాలుగు క్షణాల తర్వాత రెండో వరస మీటి మళ్లీ ఆగాడు. మరిచిపోయాడేమో అనుకున్నాను. మూడోసారి ఆగినప్పుడు ఆ వరస ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

అతని చెల్లెలు చాంది పెళ్లికి తండాలో మైక్ పెట్టింది నేనే. లంబాడీ పెళ్లికూతురు అత్తారింటికి పోయే ముందు అయినవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది, ఢావ్లో అంటారు. చాంది తల్లిని పట్టుకుని ఒక వరస ఏడ్చి ఆగింది. తల్లి గోరి అదే రాగంలో తిరిగి ఏడ్చింది. మైక్ దగ్గర నిలబడి నేనూ కళ్లు తుడుచుకున్నాను. గోరి చనిపోయి అప్పటికి ఏడాది. ఇతను చాంది వరసను తన వేళ్లతో మీటుతున్నాడు, తల్లి వరసను పెట్టెకు వదిలేశాడు. ఆ పెట్టె నోరు నేను మూసేశాను.

నా చెయ్యి నాబ్ మీదే ఉంది. అప్పుడు పెంచితే అంతవరకూ తగ్గించింది నేనేనని హాలంతటికీ తెలిసిపోతుంది. పెంచలేదు. అతను ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. మా ఆర్కెస్ట్రాల్లో అంతే, స్టేజీ ఎక్కాక ఆపరేటర్ చేసినదాన్ని ఆర్టిస్టు అడగడు. జవాబు రాని చోట్లన్నీ కొలిచినట్టు ఆగుతూ పాట చివరిదాకా వాయించాడు.

"మంచోడే కానీ మధ్యలో మర్చిపోతున్నాడయ్యా. స్టేజీ మీద అట్టా ఆగితే జనం లేచిపోతారు," అన్నాడు రామారావు గారు. హాతీరాంను ఉంచుకున్నాడు. ఊరంతటి మీదా అరిచే నేను, నాబ్ సంగతి చెప్పకుండా యాంప్లిఫయర్ కూడా అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

మూడు రోజులు అన్నం సహించలేదు. ఏమైందని మా ఆవిడ భారతమ్మ అడిగితే ఆమె మీద కూడా అరిచాను. నాలుగో రోజు కిషన్‌లాల్ యాంప్లిఫయర్ తిరిగి ఇవ్వడానికి షాపుకు వచ్చాడు. బల్ల మీద జాగ్రత్తగా దింపి, వైర్లు చుట్టి పక్కన పెట్టాడు. నేను నోరు తెరవకముందే అతనే మొదలుపెట్టాడు.

"నాబ్ తగ్గించినవని మొదటి వరసకే ఎరుకైంది అన్నా. నీ చెవి సంగతి నాకు తెల్వదా? జవాబు బాగలేకనే తీసినవనుకున్న. ఇంటికి పోయి మల్ల విన్న. అవ్, మా అమ్మ గొంతు లెక్క లేదు. ఆ పాట ఇడిసిపెట్టిన."

అవునని తలూపితే సరిపోయేది. అతను నన్ను మెచ్చుకుని వెళ్లిపోయేవాడు. నాకు చేతకాలేదు. బాగుందో లేదో నాకు తెలియదని, పెట్టె పలికింది నేను విననేలేదని, రామారావు గారి మాటకు మండి నాబ్ తిప్పేశానని చెప్పాను. ఒక్కసారి వినిపించమని బతిమాలాను. రేపైనా, ఎప్పుడైనా, తండాకు రమ్మన్నా వస్తానన్నాను.

అతను నవ్వలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"నువ్వు విని తీసుంటే నాకు బాధ ఉండకపోవు అన్నా," అన్నాడు.

బయట సెకండ్ షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది. అతను వెళ్లి ఎక్కాడు.