తోక కోయని ఫోటో

బొచ్చె చేప గట్టెక్కేసరికి రుక్మాబాయి చీరకొంగంతా తడిసిపోయింది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో ఇంత చేప ఆమె గాలానికి ఎప్పుడూ పడలేదు. ఎనిమిది కిలోలకు తక్కువుండదు. తౌడు, పల్లిపిండి కలిపి ఎరముద్ద చేసింది ఆమె. అరగంట గుంజులాడింది ఆమె. అంతసేపూ పక్కన నిలబడి “ఇడువకు, ఇడువకు” అన్నది మాత్రం మొగుడు ఈశ్వరయ్య. అని ఊరుకున్నాడా, చేప ఒడ్డున పడగానే చొక్కా సర్దుకుని చేతులు చాచాడు.

“ఇటు తే. ఫోటో తియ్యి.”

వాళ్లిద్దరికీ అది అలవాటైపోయింది. మన్నెగూడలో గాలాలు అమ్మే సత్తార్ ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతాడు. అందులో ఈ ఏడాది ఈశ్వరయ్య ఫోటోలు పదకొండు. అన్నిట్లోనూ చేప ఆయన చేతుల్లో, ఫోను ఆమె చేతుల్లో. ఆ చేపల్లో తొమ్మిది రుక్మాబాయి పట్టినవి. పట్టిందెవరని ఎవరూ అడగలేదు, ఈశ్వరయ్య చెప్పలేదు. ఉస్తాద్ అని అందరూ పొగుడుతుంటే మీసం కింద నవ్వుకునేవాడు. నోరు మూసుకుని కూడా అబద్ధం ఆడవచ్చని ఆ మహానుభావుడికి తెలియకపోలేదు.

రుక్మాబాయి ఇన్నాళ్లూ పోనీలే అనుకుంది. ఇవాళ మాత్రం అనుకోదలచుకోలేదు. సత్తార్ తన దుకాణానికి కొత్త బోర్డు పెడుతున్నాడు. గ్రూపులోకి వచ్చిన చేపల్లో మేటిది, పట్టినవాళ్లతో సహా, దాని మీదికి ఎక్కుతుంది. సాగర్ రోడ్డున పోయేవాళ్లంతా చూస్తారు. గడువు ఇవాళ మధ్యాహ్నం దాకానే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక మొగుడెంత!

“ఈసారి చేప నేను పట్టుకుంట. ఫోటో నువ్వు తియ్యి,” అంది.

“నాకు తీసుడు రాదు గదనే!”

“నేను చెప్త. తియ్యి.”

ఈశ్వరయ్య మొహం చిన్నబోయింది. అయినా ఫోను అందుకున్నాడు. మొదటి ఫోటోలో తోక లేదు. రెండోదాంట్లో చేప నిండుగా వచ్చింది గానీ రుక్మాబాయి మెడ దాకానే ఉంది. మూడోదాంట్లో చేప, ఆమె ఇద్దరూ ఉన్నారు, కానీ ఆమె మొహం పెనం అడుగులా నల్లగా పడింది.

“ఎండకు ఎదురు నిలబడి తీస్తే గట్లనే వస్తది. ఎండ నీ ఈపుకు తగలాలె, నా మొహం మీద పడాలె. ఇటు రా,” అంటూ ఆమె చేపను మళ్లీ నీళ్లలో ముంచింది. ఒళ్లు ఆరితే చేప రంగు పోతుంది. అంటిన బురదను అరచేత్తో కడిగి మళ్లీ ఎత్తింది. “ముందు గా అద్దం తుడువు. నీ ఏలి జిడ్డంత దాని మీదనే ఉన్నది.”

ఆయన అంగీ కొసతో ఫోను తుడిచాడు. “చేతులు ముందుకు చాపు. పెద్దగ కనవడ్తది,” అని సలహా పారేశాడు.

“గా యేషాలు నీ పావుకిలో చేపలకు! దీనికెందుకు?”

బొచ్చెను అడ్డంగా, కడుపు కింద రెండు చేతులూ పెట్టి, ఛాతీకి ఆన్చుకుంది. “మోకాళ్ల మీద కూసో. ఫోను అడ్డం తిప్పు. తల నుంచి తోక దాక వచ్చిందా?”

“అవ్, వచ్చింది.”

“ఇగ తియ్యి.”

ఆయన తీశాడు. చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. చేప వెనక తడిసిన చీరకొంగు, దాని మీద నవ్వుతున్న పెళ్లాం మొహం. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఇంత గర్వంగా నవ్వడం ఆయన ఎన్నడూ చూడలేదు. చూడటానికి ఆమె ఎప్పుడూ ఫోను వెనకే ఉండేదాయె.

“మస్తుగున్నవే,” అన్నాడు మెల్లగా.

ఫోటో గ్రూపులో పెట్టాడు. మైకు గుర్తు నొక్కి మాట కూడా పంపాడు. “సత్తార్ భాయ్, ఇది నేను పట్టలే. మా రుక్మ పట్టింది. ఫోటో మాత్రం నేనే తీసిన!”

ఆ చివరి ముక్కకు రుక్మాబాయి పకపకా నవ్వింది. చేసిన పనిలో ఎక్కడో ఒకచోట తన పేరు లేకపోతే ఆయనకు అన్నం సయించదు మరి.

రెండు నిమిషాల్లో సత్తార్ గొంతు వచ్చింది. “యా అల్లా, ఏం చేపనే అక్కా! అన్నా, మరి ముందుగాల పెట్టిన పదకొండు?”

ఈశ్వరయ్య చెరువు వంక చూశాడు. గట్టు వంక చూశాడు. ఇక చూడటానికేమీ మిగలక పెళ్లాం వంక చూశాడు. ఆమె చేతులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది.

“రెండు ఆయనవే భాయ్. తొమ్మిది నావి.”

 ఈశ్వరయ్య అవునన్నట్టు తల ఊపాడు.

“బోర్డు మీద పేరేం రాయాలె అక్కా? ఈశ్వరన్న భార్య అని రాయాల్నా?”

“రుక్మాబాయి అని రాయి. గంతే.”