ఎల్దాంలే

పెళ్ళైన కొత్తలో నూకరత్నం మొగుణ్ణి అడిగింది, "చిత్రకోట జలపాతం ఎంత బాగుంటాదటండీ, బండి మీద ఎల్దామా?" అని. "ఎల్దాంలే" అన్నాడు గణపతిరావు. ఆ పిచ్చితల్లి నిజమే అనుకుని రెండు చీరలు సంచిలో సర్దుకుంది. తర్వాత అరకు అడిగితే ఎల్దాంలే, పూరీ అడిగితే ఎల్దాంలే. కాదని చెప్పడానికి తెలుగులో ఇంత మర్యాదైన మాట మరొకటి లేదు. అడిగినవాళ్ళకి కోపం తెచ్చుకునే వీలుండదు, చెప్పినవాళ్ళకి కదలాల్సిన పనుండదు.

ఆయనకి బండి లేకా కాదు, పెళ్ళాం మీద ప్రేమ లేకా కాదు. బుల్లెట్‌ని ఆదివారం ఆదివారం మెత్తటి గుడ్డతో తుడిచి, తన మొహం కనిపించేదాకా వదలడు. భిలాయి స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసినన్నాళ్ళూ షిఫ్టులు అడ్డమన్నాడు. రిటైరయ్యాక అడ్డాలన్నీ పోయాయి గానీ మాట మాత్రం మిగిలిపోయింది. ఆ బండి మీద నూకరత్నం చూసిన లోకానికి ఒక కొస ఊళ్ళోని మైత్రీబాగ్ జూ, రెండో కొస పక్కనే జాముల్‌లో ఆడపడుచు ఇల్లు.

ఆవిడ అడగడం ఎప్పుడో మానేసింది. ఆశ పడటం మానలేదు. బండి వెనక కూర్చుని, పొయ్యి మీద పప్పు మాడుతుందన్న బెంగ లేకుండా, దారి ఎటు తీసుకెళితే అటు పోవాలని ఆవిడ కోరిక. మోకాళ్ళు ఈమధ్య మూలుగుతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకి లేదని ఆవిడకి బాగా తెలుసు.

కూతురు జ్యోత్స్న సెక్టార్ ఆరులో కాపురం. పుట్టిందీ పెరిగిందీ భిలాయిలోనే కావడంతో తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, కానీ ఆలోచన మాత్రం హిందీలోనే సాగుతుంది. ఆ పొద్దున స్మృతి నగర్‌లోని పుట్టింటికి ఫోన్ చేసింది.

"మమ్మీ, మీ పెళ్ళిరోజుకి ఇద్దర్నీ బైక్ టూరు పంపిస్తా. గైడు ఉంటాడు, పూరా బందోబస్తు వాళ్ళదే. ఎక్కడికెళ్తారో డాడీని అడుగు."

ఫోను స్పీకర్లో ఉంది. గణపతిరావు పేపరులోంచి తలెత్తకుండా, అలవాటైన మాటే అన్నాడు.

"ఎల్దాంలే."

అవతల కేక వినిపించింది. "లేహ్! లద్దాఖ్! సచ్చీ డాడీ? నేను ఇప్పుడే చూస్తా!" ఫోను పెట్టేసింది.

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు.

"ఏటంది అది?"

"లద్దాఖ్‌లో లే అని ఊరుందట. మీరు ఎల్దాం, లే అన్నారు కదా."

"ఓసి, నేనన్నది ఆ లే కాదే! ఉత్త లే!"

ఉత్త లే సంగతి నూకరత్నం కంటే తెలిసినవాళ్ళెవరు? కానీ కూతురికి మళ్ళీ ఫోన్ చేసి ఆ తప్పు దిద్దలేదు.

సాయంత్రం జ్యోత్స్న వచ్చేసరికి అల్లుడు ప్లాంటులో చాటింపు వేసేశాడు. పాత షిఫ్టువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, ఈ వయసులో ఎంత ధైర్యం దాదా అన్నారు. ఇక ఫోర్‌మన్ పరువు వెనక్కి ఎలా పోతుంది? "ఆఁ, లేహ్ అనే అన్నాను" అని మీసం సవరించుకున్నాడు.

సవరించుకున్నాడే గానీ, కూతురు చూపించిన టూర్లన్నిటికీ వంక పెట్టడం మొదలెట్టాడు. మనాలి నుంచి కనుమలు దాటించే టూరు కుర్రాళ్ళ పరుగట, మీ అమ్మ నడుం ఏటవ్వాలన్నాడు. విమానంలో లేహ్‌కి తీసుకెళ్ళి అక్కడ బండి ఇచ్చే టూరులో, కొండగాలి ఒంటికి పట్టేదాకా మొదటి రెండ్రోజులూ గదిలోనే ఉండాలి. "పడుకోడానికి అంత దూరం ఎందుకు, ఇక్కడ మంచం నేదా?" అన్నాడు. అసలు నొప్పి చివర్న బయటపడింది. ఏ టూరులోనైనా గైడు బండి ముందు పోతుంది, మిగిలినవాళ్ళు దాని వెనకే పోవాలి.

"ఇన్నేళ్ళూ నేను ముందు నడిస్తే జనం ఎనక నడిచేరు. ఇప్పుడెవడో కుర్రాడు ఆగమంటే ఆగాలా?"

నూకరత్నానికి భయం పట్టుకుంది. ఇంకో వంక దొరికిందంటే "చూద్దాంలే" వచ్చేస్తుంది. పొద్దున కూతురి కేక విన్న దగ్గర్నుంచీ ఆవిడ పెట్టెలన్నీ తిరగేసి ఉన్ని శాలువా వెతుక్కుంది మరి.

జ్యోత్స్న రెండో టూరు గైడుకి వీడియో కాల్ కలిపింది. రాయపూర్ కుర్రాడు, పేరు బలరాం, నవ్వుమొహం. ఇంకొకరి వెనక బండి నడిపే అలవాటు తనకి లేదని గణపతిరావు హిందీలో దర్జాగా చెప్పాడు.

"కోయీ బాత్ నహీ అంకుల్" అన్నాడు బలరాం. "ఆంటీజీ మేరే పీఛే బైఠ్ జాయేంగీ." మీరు రాకపోయినా ఫరవాలేదు, ఆంటీ నా వెనక కూర్చుంటారు అని.

ఆ అబ్బాయి హాస్యానికే అన్నాడు. నూకరత్నం నవ్వలేదు. ఫోను దగ్గరికి జరిగి, "మై ఆతీ, బేటా" అంది, వస్తానని.

గణపతిరావు పెళ్ళాన్ని కొత్తగా చూశాడు. "ఏటే, నిజంగానే?"

"నిజంగానే. మీరు ఇంటికాడ పేపరు సదూకోండి. జ్యోత్స్న కూరలు పంపుతాది." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "పెళ్ళైన కాడ్నుంచీ ఎల్దాంలే అనే ఇన్నాను. ఆ మాటకి ఇన్నాళ్ళకి ఒక ఊరు దొరికింది. దాన్ని నేనొదులుకోను."

ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి గణపతిరావుకి సిగ్గేసింది. ఆవిడ మరొకరి బండెక్కి పోతుందన్న సంగతీ ముల్లులా గుచ్చుకుంది. చివరికి కూతురి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. రోజుకి ఎంతసేపు నడపాలి, వెనక వ్యాను వస్తుందా, మెకానిక్ ఉంటాడా, ఊపిరాడకపోతే ఏం చేస్తారు, ఆడవాళ్ళు ఆగడానికి సరైన చోట్లు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ సరైన జవాబే వచ్చింది.

"నువ్వు రుకో అంటే ఆగాల్సిందేనా?" అని ఆఖర్న హిందీలో అడిగాడు.

"ఆగాల్సిందే అంకుల్."

"ఠీక్ హై" అన్నాడు గణపతిరావు. పంటికింద రాయి పడినట్టు మొహం పెట్టాడు గానీ, అన్నాడు.

డాక్టరు ఇద్దరి గుండెలూ చూసి వెళ్ళిరమ్మన్నాడు. ఇక మిగిలింది వెనక నడపడం నేర్చుకోవడం. రోజూ సాయంత్రం జ్యోత్స్న స్కూటీ ముందు, నాన్న బుల్లెట్ వెనక, సెక్టార్లన్నీ తిరిగారు. కూతురు చెయ్యెత్తితే ఆయన ఆగాలి. మొదట్లో రెండుసార్లు దాటిపోయి నాలిక కరుచుకున్నాడు. మూడో నాటికి కుదిరింది. వెనక కూర్చున్న నూకరత్నం ఇంత సుఖంగా నవ్వి ఎన్నేళ్ళయిందో.

ప్రయాణం రోజు ఇంకా తెల్లవారకముందే గణపతిరావు తయారైపోయాడు. రాయపూర్ ఎయిర్‌పోర్టుకి పోవాల్సిన కారు గుమ్మంలో ఉంది. నూకరత్నం మెడదాకా దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఎవరినైనా నిద్ర లేపాలంటే ఆయన నోట ఎప్పుడూ "లెగు" అనే వస్తుంది. ఇవాళ మంచం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, కావాలని మాట మార్చాడు.

"రత్నం, లే. ఎల్దాం."

ఆవిడ దుప్పటి తోసేసింది. కూతురు కొనిచ్చిన ప్యాంటూ కోటూ అప్పటికే ఒంటి మీదున్నాయి. కాళ్ళకి బూట్లు కూడా ఉన్నాయి.

"మళ్ళీ ఆ మాటని అటూ ఇటూ చేసేత్తారేమోనని" అంది నూకరత్నం మంచం దిగుతూ, "ఏసుకునే పడుకున్నాను."