మామయ్యగారి ఉంగరపు వేలు

ఈనె తెగకుండా రావాలంటే చిక్కుడుకాయను తొడిమ వైపే గిల్లాలి, తోక వైపు గిల్లితే సగంలో తెగి వేలికి చుట్టుకుంటుంది, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఎన్నో కాయలు పాడుచేసి నేనే కనిపెట్టాను, ఇవాళ మాత్రం ఎటు గిల్లుతున్నానో నాకే తెలియడం లేదు, చేతులు చిక్కుడుకాయల్లో ఉన్నాయి, కళ్ళు హాల్లో బల్ల మీది ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి, పొద్దున మళ్ళీ ఆన్ చేసి చూశాను, అంచున పచ్చదీపం వెలిగింది, లోపల ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నిన్న సాయంత్రం లాగే కడిగి ఆరబెట్టిన పలక, దాని వెనక దినపత్రిక, దినపత్రిక వెనక మా మామయ్యగారు, నిన్నటి నుంచి ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మామూలు రోజుల్లో కూడా పెద్దగా మాట్లాడరు కనుక ఇది అలకా అలవాటా అని తేల్చుకోవడం కష్టం, పేజీ తిప్పే చప్పుడును బట్టి చూస్తే అలకే, మామూలుగా ఇంత గట్టిగా తిప్పరు, ఆయన కోపం వచ్చినా కాగితంతోనే చూపించే మనిషి, గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన రామ్మోహనరావుగారు, ఆ కాగితానికి ఇటు నేనున్నాను, తప్పు నాదే, నొక్కింది నేనే.

అప్‌డేట్లు వచ్చాయి, వేసుకోనా అని ఆ యంత్రం మర్యాదగానే అడిగింది, నేను సరే అన్నాను, అందులో గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది ఉంది, అంటే తెర మీద బొమ్మ చూపించే పనివాడు మారాడు, కొత్తవాడు వచ్చీ రాగానే దీపం ఆర్పేశాడు, మాదాపూర్‌లో నా ఉద్యోగమే ఇది, రెండు వందల మంది కంప్యూటర్లకు జబ్బు చేస్తే చూడడం, రోజుకు పదిమందికి చెబుతాను ముందు కాపీ తీసి పెట్టుకోండి, తర్వాతే అప్‌డేట్ నొక్కండి అని, ఇంట్లో మాత్రం తీయలేదు, ఉచితంగా దొరికే లినక్స్ ఈ ల్యాప్‌టాప్‌లో వేసింది కూడా నేనే, బజారులో బాగుచేసేవాడు తన ఫైళ్ళన్నీ తెరిచి చూశాడని పోయినేడాది ఆయన బాధపడితే, డిస్కు మొత్తానికి తాళం వేసే వీలుంది మామయ్యగారూ, పాస్‌వర్డ్ మీరొక్కరే పెట్టుకోండి, మీరు చెప్పకపోతే దీన్ని తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరు, నన్ను నమ్మండి అన్నాను, ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నేను అన్నిటికన్నా పొడుగ్గా మాట్లాడింది అప్పుడే, ఆయన నమ్మారు, అప్పటి నుంచి రోజూ పొద్దున రెండు గంటలు తలుపు దగ్గరికి వేసుకుని టకటకా కొడుతున్నారు, ఏం రాస్తున్నారో ఎవరికీ చెప్పరు, సర్వీసు కథ అయి ఉంటుందని అత్తయ్య, ఎవరి మీదో పిటిషనని మా ఆయన ఆదర్శ్, ఏదైనా ఏడాది పని, ఇంకెక్కడా లేదు, పోతే ఆ ఫైలు ఒక్కటే పోదు, నన్ను నమ్మండి అన్న మాటా దాంతోపాటే పోతుంది, ఈ ఇంట్లో ఇంకోసారి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు, ఆదర్శ్‌కి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి నవ్వుతాడు, ఫార్మాట్ కొట్టెయ్యవే, గంట పని, నాన్నకి నేను చెప్తాలే అంటాడు, మొగుడివైతే అయ్యావు కానీ కంప్యూటర్ విషయంలో నీ సలహా నాకొద్దు అని ఫోన్ పెట్టేశాను, అత్తయ్య నా పక్కన చాప మీద కూర్చుని రెండు కాయలు తీసుకుని గుసగుసగా అంటుంది, ఆయన ముప్పై ఏళ్ళుగా చీటీల మీద ఏదో రాసి అట్టపెట్టెలో దాచుకున్నారే, ఎలాగూ మిషన్‌లోకి ఎక్కించేశారు కదా అని నేను పాతపేపర్లవాడికి వేసేశాను, ఇంకా చెప్పలేదు, నేను చీటీలు అమ్మాను, నువ్వు మిషన్ ఆర్పావు, ఇద్దరం ఒక జట్టు, తెలిస్తే ఇద్దరికీ కలిపే మెమో ఇస్తారు, ఆవిడ పేరు బాలాత్రిపురసుందరి, పేరంత పొడుగ్గా నవ్వుతుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

బయట తెలంగాణ సమ్మె ముప్పయ్యో రోజు, మణికొండ వీధిలో బస్సు చప్పుడు లేక కాకుల అరుపులు వినపడుతున్నాయి, కరెంటు ఎనిమిదికి పోయింది, పదకొండుకు కాని రాదు, బ్యాటరీ గంటన్నర ఉంటుందేమో, ఈ ఇంట్లో మాత్రం సమ్మె మాట ఎవరూ ఎత్తరు, నేను హాల్లోకి వస్తే మామయ్యగారు రిమోట్ తీసుకుని వార్తలు మార్చి పాటలు పెడతారు, ఆయనది సామర్లకోట, మాది హుస్నాబాద్ దగ్గర పల్లె, ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ఆయన మర్యాద, నేనూ తక్కువదాన్ని కాదు, మూడేళ్ళుగా ఈ గోడల మధ్య అలాగేనండి, వస్తున్నానండి, మా అమ్మతో మాట్లాడాలంటే ఆదివారం బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరికి లాక్కుంటాను, అక్కడే నా నోరు నాది, ఇంతలో ఖాజాగూడ నుంచి నడిచి వచ్చిన సీతాబాయి చీపురు పక్కన పెట్టి, గుడ్డతో బల్ల తుడుస్తూ ల్యాప్‌టాప్ వంక చూసి, ఏందక్కా, గీ డబ్బ గూడ సమ్మెల కూసున్నదా అంది, ఊరుకోవే, ఆయన మొహం చూసి మాట్లాడు అని అత్తయ్య, నేనేం జేసిన అమ్మా, పేపర్ అడ్డమున్నది, మొకం ఏడ గనపడ్తది అని సీతాబాయి, పేజీ మళ్ళీ గట్టిగా తిరిగింది, తుడవడానికని సీతాబాయి ల్యాప్‌టాప్ ఎత్తి బాల్కనీ గడప మీద ఎండలో పెట్టింది, పెట్టి వంగి అలాగే ఉండిపోయింది, అక్కా జర ఇటు రా, లోపల సన్నగ ఏదో ఉన్నది, చీమల బారు లెక్క, నేను ఒళ్ళో కాయలు పళ్ళెంలోకి దులుపుకుని పరుగెత్తాను, తలను ఇటు వంచి అటు వంచి చూస్తే నిజమే, నలుపు మీద నలుపు, ఒక వరుస అక్షరాలు, అంటే బొమ్మ ఉంది, బొమ్మ వెనక వెలగాల్సిన దీపమే ఆరింది, యంత్రం నిద్రపోలేదు, పొద్దుటి నుంచి కళ్ళు తెరుచుకుని చీకట్లో ఎదురుచూస్తోంది, తాళం తీయండి, పాస్‌వర్డ్ కొట్టండి అని, ఎంత సంతోషమేసిందో, సీతాబాయి మసి చేతిని పట్టుకుని ఊపేశాను.

చీకటి కావాలి, చీకట్లో టార్చి కావాలి, మంచం మీది దుప్పటి లాక్కొచ్చి బల్ల మీద ల్యాప్‌టాప్‌నూ నన్నూ కలిపి కప్పుకున్నాను, టార్చి ఏటవాలుగా కొడితే అక్షరాలు నీళ్ళ అడుగున గులకరాళ్ళలా కనిపించాయి, మా బడిలో కంప్యూటర్ మీద కూడా పూల దుప్పటి ఉండేది, సరోజమ్మ టీచర్ ఇన్‌స్పెక్షన్ రోజే తీయించేది, దుమ్ము దులిపే పని నాది, నాలుగేళ్ళు దులిపాను, ఒక్కసారీ వెలిగింది చూడలేదు, అప్పుడు దుప్పటి లోపల అది, బయట నేను, ఇప్పుడు ఇద్దరం లోపలే, నవ్వొచ్చింది, దుప్పటి లోంచే అత్తయ్యా, పాస్‌వర్డ్ కావాలి అన్నాను, ఏవండీ, పిల్ల పాస్‌వర్డ్ అడుగుతోంది అని అత్తయ్య, పర్రుమని చప్పుడు, పేపరు అంచు చింపి దాని మీద ఇంగ్లీషులో రాసిచ్చారట, అత్తయ్య పట్టుకొచ్చి పైకే చదివింది, సామర్లకోట, 1971, ఏమిటండీ ఇది, మన పెళ్ళి డెబ్బై ఆరులో కదా, డెబ్బై ఒకటిలో ఎవరున్నారు సామర్లకోటలో, దినపత్రిక వెనక నుంచి ఒక రోజు తర్వాత మొదటి మాట వచ్చింది, టైపు హయ్యరు పాసైన సంవత్సరం, అంతే, నేను చీటీ దగ్గర పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కొట్టాను, అన్నీ చిన్నక్షరాలే, చివర్న అంకెలు, తప్పు అంది, మళ్ళీ కొట్టాను, ఈసారి ఊపిరి బిగబట్టి, తప్పు అంది, మూడోసారి నోటితో పలుకుతూ కొట్టాను, తప్పు, దుప్పటి కింద ఉక్కపోతకు చెమట కంట్లోకి కారింది, ఆయన మరిచిపోయి ఉంటే ఇక ఇది రాయి, నేనే చెప్పాను చేసినవాళ్ళు కూడా తెరవలేరని, ఎంత గొప్పగా చెప్పాను, డిస్కు తుడిచేసి ఖాళీ ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టినప్పుడు ఆయన తిట్టరు, అదే భయం, పరవాలేదమ్మా అంటారు, ఆ మాట తర్వాత ఆయన నా వైపు ఎలా చూస్తారో ఇప్పుడే కళ్ళకు కట్టింది.

కుర్చీ కదిలింది, చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది, కాస్త జరగమ్మా అన్నారు మామయ్యగారు, నేను దుప్పటి ఎత్తబోయాను, రండి, టార్చి పట్టుకుంటాను, లోపలికి తొంగిచూసి కొట్టండి అన్నాను, చూడాల్సిన పనేముంది, మాకు ఇన్‌స్టిట్యూట్‌లో అక్షరాల మీద అట్ట పెట్టి నేర్పారు, కిందికి చూస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు గోవిందప్ప మాస్టారు, అంటూనే దుప్పటి అంచు కింద నుంచి రెండు చేతులు లోపలికి వచ్చాయి, మనిషి బయట, చేతులు నా టార్చి వెలుగులో, ముడతలు పడిన, శుభ్రంగా గోళ్ళు తీసుకున్న చేతులు, వచ్చి మీటల మీద వాటి చోట్లో అవి కూర్చున్నాయి, ఎనిమిది వేళ్ళు, ఊరిపేరు ఒక్క ఊపులో వెళ్ళిపోయింది, తర్వాత అంకెలు, నేను కన్నార్పకుండా చూస్తున్నాను, ఒకటి మీట పై వరుసలో ఎడమ చివర ఉంటుంది, ఎడమ చిటికెన వేలు పైకి లేవాలి, లేవలేదు, ఎడమ చేయి అసలు కదలనే లేదు, కుడిచేతి ఉంగరపు వేలు ఉన్నచోటే కిందికి నొక్కింది, పైకి వెళ్ళి తొమ్మిది కొట్టింది, చూపుడువేలు ఏడు కొట్టింది, ఉంగరపు వేలు మళ్ళీ వచ్చి తన చోట్లోనే నొక్కింది, అక్కడున్నది ఒకటి కాదు, ఇంగ్లీషు ఎల్ అక్షరం, ఎంటర్, ఒక క్షణం ఏమీ లేదు, పచ్చదీపం పక్కన డిస్కు దీపం మిణుకుమంది, ఆగకుండా మిణుకుమిణుకుమంది, తర్వాత చీకట్లోంచి డడుం డుం అని లోపలికి రమ్మనే చప్పుడు, డప్పు గొట్టింది అక్కా, గెలిచినం అని సీతాబాయి, మామయ్యగారూ, మీరు ఒకటికి బదులు ఎల్ కొట్టారు అన్నాను దుప్పటిలోంచి, ఒకటంటే ఎల్లే కదమ్మా, మా రెమింగ్టన్ టైపుమిషన్ మీద ఒకటి మీట ఎక్కడిది, రెండు నుంచే మొదలు, ముప్పై నాలుగేళ్ళు గవర్నమెంటు ఆర్డర్లలో నేను కొట్టిన ఒకట్లన్నీ ఎల్లులే, ఏ కలెక్టరూ పట్టుకోలేదు, నువ్వే మొదట, అని ఆయన అంటుంటే అత్తయ్య నవ్వి నవ్వి చాప మీద వాలిపోయింది, నా డైరీలో రాసుకున్న ఒక పొడుగు ఆజ్ఞ టార్చి వెలుగులో కొట్టేసరికి తెర వెనక దీపం తెల్లగా వెలిగింది, కళ్ళు చెదిరి దుప్పటి తీసేశాను, మొదటి పనిగా పెన్‌డ్రైవ్ పెట్టి అంతా కాపీ తీశాను, తర్వాతే ఊపిరి, కొత్త పనివాణ్ణి తీసేసి పాత డ్రైవర్‌ను మళ్ళీ పనిలో పెట్టడం కరెంటు వచ్చాక చూసుకోవచ్చు.

సరిగ్గా ఉందో లేదో నువ్వే తెరిచి చూడు అన్నారు, నేనా అన్నాను, నువ్వే అన్నారు, తెరిచాను, సర్వీసు కథ కాదు, పిటిషన్ కాదు, మూడు నిలువు వరుసల పట్టిక, మాట, అర్థం, విన్నది ఎవరి నోట, యాది, జ్ఞాపకం, వెంకటనారాయణ, పైలం, జాగ్రత్త, వెంకటనారాయణ, ఆగం, చెల్లాచెదురు, వెంకటనారాయణ, ఈ వెంకటనారాయణ ఎవరండీ అన్నాను, మా సెక్షన్‌లో నా పక్క కుర్చీ, కరీంనగర్ మనిషి, కొత్తగా వచ్చినప్పుడు అతను మాట్లాడేది సగం అర్థమయ్యేది కాదు, అడగడానికి సిగ్గేసి చీటీ మీద రాసుకునేవాణ్ణి, తర్వాత సిగ్గు పోయింది, రాసుకోవడం పోలేదు అన్నారు మామయ్యగారు, పేజీలు కిందికి జరుపుతున్నాను, వందల మాటలు, చివరికొచ్చేసరికి మూడో వరుసలో వెంకటనారాయణ లేడు, కోడలు, కోడలు, కోడలు, ఇరవై పేజీలు కోడలే, సోయి, స్పృహ, కోడలు, బుగులు, భయం కాదు, భయానికి ముందు కడుపులో కదిలేది, కోడలు, ఆదివారం, వాళ్ళమ్మతో ఫోనులో, నేను తలుపు లాక్కునేదాన్ని, ఆయన టీవీ చప్పుడు తగ్గించేవారన్నమాట, నేను దాచుకున్న ప్రతి మాటా ఆయన దగ్గర తారీఖుతో సహా ఉంది, బుగులుకి అర్థం సరిపోయిందా, తప్పయితే దిద్దు అన్నారు, ఆఫీసులో ఫైలు ముందుకు తోసినట్టు ల్యాప్‌టాప్ నా వైపు తోసి, నేను నోరు తెరిచాను, అలాగేనండి అనబోయాను, రాలేదు, గంతే మామయ్యా, కాకుంటే బుగులు పొద్దుగూకినంక ఎక్కువైతది, అది గూడ రాయాలె అన్నాను, ఆ హాల్లో, అందరి ముందు, గింత సదువుకున్నోళ్ళు బుగులంటే ఏందో ఇప్పుడు రాసుకుంటున్నరా అని సీతాబాయి చీపురు అందుకుంది, ఆయన నిలబడే వంగి, పొద్దుగూకినంక అని చూడకుండా కొట్టారు.

అత్తయ్య ఇదే అదననుకుని అట్టపెట్టె సంగతి చెప్పేసింది, ఆయన విన్నారో లేదో, లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నారు, ఎక్కడికండీ, వెంకటనారాయణగారి దగ్గరికా, బస్సుల్లేవు కదా అంది అత్తయ్య, నా పక్క నుంచే నడిచారు, జానెడు దూరంలో, చెప్పులేసుకుని, తలుపు తీసి, ఒక్క మాట లేకుండా మెట్లు దిగిపోయారు, నాకు బుగులైంది, కోపం ఇంకా పోలేదా, యాసలో మాట్లాడి తప్పుచేశానా అని, మెట్ల చప్పుడు తగ్గిపోతుంటే మూడేళ్ళు గుర్తుకొచ్చాయి, పాల ప్యాకెట్‌కు వెళ్ళినా, మంగలి షాపుకు వెళ్ళినా గుమ్మం దగ్గర ఆగి వెతికి మరీ నాకు చెప్పేవారు, వెళ్ళొస్తానమ్మా అని, చుట్టాలింటికి వచ్చిన మనిషి ఇల్లుగలవాళ్ళకు చెప్పినట్టు, అత్తయ్యకు ఆయన అలా చెప్పగా నేనెప్పుడూ వినలేదు, ఆదర్శ్‌కూ చెప్పరు, వాళ్ళ పక్క నుంచి ఇలాగే వెళ్ళిపోతారు, ఇవాళ నాకూ చెప్పలేదు.