ముక్కు మండని శుభ్రం

బస్సు డ్రైవరు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య వీధి మెట్ల మీద కూర్చుని ఊపిరందక ఎగరోజుతోంది. లోపలి నుంచి వచ్చిన ఘాటు గుమ్మంలోనే అతని గొంతు పట్టుకుంది.

"ఏం కాలేదురా. బాత్రూం కడిగాను, అంతే," అంది అతని పెద్దక్క చేతులు తుడుచుకుంటూ.

ఆ ఇంటి బోరు నీళ్ళు మహా మొండివి. కుళాయిల మెడ చుట్టూ, గోడ పలకల మీద, షవర్ చిల్లుల్లో తెల్లగా గార కట్టేది. నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చిన పెద్దక్కకు ఆ గార కంట్లో నలుసైంది. ఆ వేళ యాసిడ్ పోసింది చాలక, దాని మీద బ్లీచింగ్ పౌడరు కూడా చల్లింది. సంగతి తెలియని మరదలు బకెట్ కోసం లోపలికి వెళ్ళింది.

ఆస్పత్రిలో మందు పీల్పించాక ఆమె కాస్త తెప్పరిల్లింది. "ఆ రెండూ కలిస్తే విషవాయువేనయ్యా. ఇక ఈవిడ దరిదాపుల్లో యాసిడ్ ఉండకూడదు," అన్నాడు డాక్టరు.

డ్రైవరు ఇంటికొస్తూనే మిగిలిన యాసిడ్ సీసా కొట్టువాడికి తిరిగిచ్చేసి, ఒక పొట్లంతో వచ్చాడు.

"ఏంట్రా అది?"

"నిమ్మ ఉప్పు. మా డిపోలో టీ కెటిల్‌కి పట్టిన గార దీంతోనే వదులుతుంది."

"వంటలో పులుపుకి వేసేదాంతో బాత్రూం కడుగుతావా? నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనీ. వాళ్ళ పళ్ళకి గార ఉంటే చెప్పమను, అదీ వదలగొడతా."

"ముక్కు మండకపోతే శుభ్రమైనట్టు ఎలా తెలుస్తుందిరా?"

"కళ్ళున్నాయిగా అక్కా."

ముందు బాత్రూంలో మిగిలిన బ్లీచింగ్ పౌడరంతా పోయేదాకా మంచినీళ్ళతో కడిగాడు. గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు నిమ్మ ఉప్పు కరిగించి, పాత గుడ్డలు తడిపి కుళాయిల మెడకు చుట్టాడు. షవర్ తల విప్పి బకెట్లో నానేశాడు. కాసేపటికి గుడ్డ తీసి రుద్దితే పల్చటి గార పిండిలా రాలింది. మందంగా ఉన్నచోట మాత్రం మొండికేసింది. అతనూ మొండికేశాడు. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ రుద్దాడు. పెద్దక్క పక్కనే నిలబడి ఎప్పుడు ఓడిపోతాడా అని చూస్తూనే ఉంది.

ఆమె కోరుకున్నది దొరికింది. గుమ్మం దగ్గర పాలరాతి పలక మీద ఒలికిన నీళ్ళను అతను తుడవలేదు. ఆ మేర నునుపు పోయి, రాయి మసకబారింది.

"చూశావా! రాయినే తినేసింది నీ నిమ్మ ఉప్పు!"

డ్రైవరు వంగి పలకను వేలితో రాసి చూశాడు. "పాలరాయికి పడదన్నమాట. తప్పు నాదే. ఇక రాయి మీద చుక్క పడనివ్వను. యాసిడ్ మాత్రం ఈ గడప తొక్కదు."

"అంటే నా మాట కంటే పెళ్ళాం మాటే ఎక్కువైంది."

"తను ఇంకా ఏ మాటా అనలేదక్కా. ఊపిరాడితేగా అనడానికి."

"ఇప్పుడంటున్నాను," అంది భార్య. గోడ పట్టుకుని వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మీకు ఇష్టమైనన్నాళ్ళు ఉండండి వదినా. కానీ ఆ సీసా మళ్ళీ వచ్చిందంటే, దాన్ని పట్టుకుని మీరే బయట నిలబడాలి. నా ఇంట్లోంచి నేను మెట్ల మీదికి వెళ్ళడం ఇవాల్టితో సరి."

ఎదురు మాట్లాడని మరదలు అలా అనేసరికి పెద్దక్క విసురుగా గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి పెట్టె సర్దుకుంది. ఉండమన్నారు గానీ కాళ్ళావేళ్ళా పడలేదు.

బయల్దేరే ముందు స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నీళ్ళు బాగానే వస్తున్నాయి," అంది ఎవరి వైపూ చూడకుండా. "వాసనే లేదు."

"వాసన కావాలంటే అగరొత్తి వెలిగిస్తాలే," అని డ్రైవరు పెట్టె అందుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. పెదాలు బిగించి దాచుకుని, అతని కంటే ముందే వీధిలోకి నడిచింది.

అక్కను బస్సెక్కించి అతను తిరిగొచ్చేసరికి భార్య తలుపు బార్లా తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని బాత్రూంలో ఉంది.

"నువ్వెందుకు? జరుగు, నేను కడుగుతా."

"పలకను పాడుచేసింది చాల్లెండి," అంది ఆమె. "ఆ బ్రష్షు ఇటివ్వండి."