ఎడమ పిక్క

మహేందర్ ఎడమ పిక్క రాత్రికి రాత్రే కుడిదానికి రెట్టింపయింది.

దుప్పటి మారుస్తున్న కొమురెల్లి చేయి ఆగిపోయింది. జగిత్యాలలోని ఆ ఆసుపత్రిలో నాలుగేళ్లుగా అతనిది వార్డు పని. అంతకుముందు పదేళ్లు మస్కట్‌లో ఇనుప చువ్వలు మోశాడు. దానికి ముందు కథలాపూర్‌లో కల్లు గీయడానికి తాటిచెట్లెక్కాడు. పాదాలు ఇప్పటికీ లోపలికి వంగే ఉంటాయి.

మహేందర్‌ది కొడిమ్యాల. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోతే మస్కట్ వీసా తెచ్చుకున్నాడు. ప్రయాణం ఆరు రోజులుందనగా కోరుట్ల దగ్గర బండి జారింది. తలలో రక్తం కారింది. నాలుగు రోజులుగా కళ్లు తెరవలేదు. కాళ్లను నొక్కుతూ ఉండే మిషన్ వార్డుకు ఒక్కటే. నిన్న పక్క మంచానికి పోయింది.

మిషన్ చేసే పని చేతులు చేయవా అనుకున్నాడు కొమురెల్లి. చెట్టు దిగాక పిక్క పట్టేస్తే, నూనె రాసి కింది నుంచి పైకి గట్టిగా పిసకాలి. తండ్రి నేర్పిన వైద్యం అది. బల్ల మీది కొబ్బరినూనె అందుకున్నాడు. ముడి తగిలిన చోట బొటనవేళ్లతో అదిమాడు.

"ఇగ లే తమ్మీ. మస్కట్ల బరువులు మొయ్యాలె, గీ కాళ్లే దిక్కు."

తొమ్మిదింటికి మహేందర్ తల్లి నర్సవ్వను, భార్య నవనీతను లోపలికి వదిలారు. డాక్టర్ కాలు చూసి ముఖం చిట్లించాడు.

"నరంలో రక్తం గడ్డకట్టింది. పలచన చేసే సూది ఇప్పుడే ఇస్తే తలలో మళ్లీ కారొచ్చు. స్కానింగ్ చూసి ఇద్దాం. కాలు పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతుంది. ఈ నూనె ఎవరు రాశారు?"

"రోజు నేనే రాస్త సార్, ఒళ్లు పగలొద్దని," అంది నవనీత.

కొమురెల్లి అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఈ కొలువు పోతే, యాభై ఆరేళ్లవాడికి వీసా ఎవడిస్తాడు? మంచం పక్కకు జరిగి దుప్పటి సర్దాడు.

స్కానింగుకు స్ట్రెచర్ తెచ్చేసరికి మహేందర్‌కు ఎగశ్వాస పట్టింది. పెదాలు నల్లబడ్డాయి. అరగంట ఛాతీ నొక్కి, ఆపేశారు.

వరండాలో నర్సవ్వ గుండెలు బాదుకుంది. "నా కొడుకును నీ చేతులే మింగినయి గదనే!"

నవనీత ఏడవలేదు. తన రెండు చేతులనూ ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

కొమురెల్లి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీ చేతులు కాదు బిడ్డా. మీరు లోపటికి రాకముందే గా కాలు నేను పిసికిన. ముడి తాకితే, కరుగుతదని ఇంకింత అదిమిన. డాక్టర్ సాబ్ అడిగినప్పుడు ఆడ్నే నిలవడ్డ. నువ్వేమో, నూనె నేనే రాస్త అన్నవు. నేను నోరిప్పలే."